గట్టు మీద మొదట నడిచింది మనిషే: మా ఊరి రోడ్డు చరిత్ర

ఈసారి పోస్టు పంట గురించి కాదండి, రోడ్డు గురించి. కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

పోయిన కార్తీక మాసంలో మా వీధిలో ఒక పెద్దావిడ చనిపోయింది. నాకు వరసకి అత్త అవుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి, కాలవలో దీపం వదులుదామని అరటిదొప్ప పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరింది. మా ఊళ్లో ఇళ్లన్నీ రోడ్డుకి ఒక పక్క, కాలవ రెండో పక్క. మంచు పడుతోంది. మట్టి తోలే టిప్పర్ వచ్చి కొట్టేసింది. డ్రైవరు కుర్రాడు పారిపోలేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదన్నాడు. తెల్లారాక పెద్దలు కూర్చున్నారు. కేసంటే పోస్టుమార్టం, స్టేషను, కోర్టు, ఎందుకొచ్చిన తిరుగుడు అన్నారు. ఎంతో కొంత ఇప్పించి రాజీ చేశారు. పెద్దదినం అయ్యేసరికి ఊరు మామూలైపోయింది.

ఆ పెద్దదినం భోజనాల దగ్గరే మా తమ్ముడి కొడుకు ఒక మాట అడిగాడు. "పెదనాన్నా, మన సెంటర్లో ఇప్పటిదాకా ఎంతమంది పోయారు?" అక్కడ కూర్చున్న నలుగురం నాలుగు లెక్కలు చెప్పాం. ఒకరు చెప్పిన మనిషి ఇంకొకరికి గుర్తు లేదు. ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో ముప్పై ఏళ్ల కిందటిది కూడా చెప్పగలం. రోడ్డు మీద పోయినవాళ్ల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఆ రాత్రి ఒక నోటు పుస్తకం తీశాను. ఆ పుస్తకం సంగతి చివర చెప్తాను. ముందు ఈ రోడ్డు ఎలా పుట్టిందో, మనిషి కింద నుంచి ఎలా జారిపోయిందో చెప్పాలి.

మా రోడ్డు అసలు రోడ్డు కాదు, కాలవ గట్టు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని మనందరికీ తెలుసు. ఆయన కాలవలు తవ్వించింది చేలకి నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. రైళ్ల కంటే కాలవలే ఈ దేశానికి చౌక అని ఆయన వాదించాడు. అందుకే కాలవల మీద లాకులు కట్టారు. గోదావరి కాలవల్ని ఏలూరు కాలవ కృష్ణతో కలిపింది, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలవ మద్రాసు దాకా తీసుకెళ్లింది. కాకినాడ వైపు నుంచి మద్రాసుకి నీళ్ల మీదే సరుకు పోయిన రోజులున్నాయి.

గాలి వాటం లేనప్పుడు ఆ పడవల్ని మనుషులే లాగేవాళ్లు. తాడు భుజానికేసుకుని గట్టు మీద వంగి నడిచేవాళ్లు. మా తాత చిన్నప్పుడు వాళ్లకి మజ్జిగ పోసేవాడట. అంటే ఇవాళ టిప్పర్లు పరిగెత్తే ఈ గట్టు మీద మొట్టమొదట నడిచింది మనిషి. సరుకు నీళ్ల మీద, మనిషి గట్టు మీద. ఎవరి దారి వాళ్లది. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ ఈ మాటకే వస్తాను.

1900లో గోదావరి మీద రాజమండ్రి దగ్గర రైలు వంతెన తెరిచాక దూరం పోయే సరుకు మెల్లగా రైలెక్కింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1950 ప్రాంతంలో, దేశంలో సరుకు రవాణాలో నూటికి ఎనభై వంతుల పైనే రైలుది. ఊరి నుంచి స్టేషనుకీ, లాకుల దగ్గరికీ ఎడ్లబండి. మా తాత బండి ఇరుసు కింద లాంతరు వేలాడేది. రాత్రి పూట వెనకొచ్చేవాడికి అది కనపడాలి. ఎడ్లకి దారి తెలుసు కాబట్టి తాత బండిలో నిద్రపోయేవాడు. ఎదురుగా పిల్లాడొస్తే ఎడ్లే ఆగేవి.

మోటారు బండ్లకి దేశమంతటికీ మొదటి చట్టం 1914లో వచ్చింది. బండి రిజిస్ట్రేషను, డ్రైవరు లైసెన్సు ముఖ్యంగా అందులో ఉన్నాయి. రెండోది 1939 చట్టం. బండి కింద పడ్డవాడికి నష్టపరిహారం అందేలా థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసింది ఆ చట్టమే, అదీ 1946 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి చట్టం వచ్చిన ముప్పై ఏళ్లకి గానీ బండి తగిలినవాడి సంగతి ఎవరికీ పట్టలేదన్నమాట.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచాయి. 1954లో టాటా వాళ్లు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు తయారుచేయడం మొదలెట్టారు. 1958లో ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది. ఆ తర్వాత కొత్త వరి వంగడాలు, రెండో పంట, మిల్లులు. లారీ మిల్లు గుమ్మం దాకా వస్తుంది, పడవ రాదు. రైలుకి వ్యాగన్ల కోసం కాచుకు కూర్చోవాలి. లారీ ఫోను చేస్తే వస్తుంది. మా కాలవలో పడవలు అలా ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇప్పుడు దేశంలో రైలు మోసే సరుకు మూడో వంతు కూడా లేదు. మిగతాదంతా మన గుమ్మాల ముందు నుంచే పోతోంది.

1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. మేత లారీలు, ఐసు లారీలు, చేపల లారీలు, చెరువు తవ్విన మట్టి మోసే టిప్పర్లు. తర్వాత కలకత్తా మద్రాసు రహదారి స్వర్ణ చతుర్భుజిలో నాలుగు వరసలైంది, పాత ఐదో నంబరు రోడ్డు 2010లో పదహారో నంబరైంది. టోలు తప్పించుకోవడానికి లోపలి దారి పట్టే లారీలు మా గట్టుకి తోడయ్యాయి. 2018లో లారీ మోయొచ్చని ఒప్పుకునే బరువు కూడా పెంచారు. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16 టన్నుల పైచిలుకు ఉండేది, 18 టన్నులు దాటింది. రోడ్డు అదే, గట్టు అదే, మనిషి అదే.

లారీని తిట్టడానికి ఇది రాయడం లేదండి. నా ధాన్యం లారీలోనే పోతుంది. నా ఎరువు లారీలోనే వస్తుంది. పైగా ఈ రోడ్డు వెడల్పు చేయమని సంతకాలు సేకరించినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్లు. ఇరుకు రోడ్డులో లారీలు చిక్కుకుని మిల్లుకి ధాన్యం అందడం లేదని అర్జీ పెట్టాం. రోడ్డు వేసిన రోజు కొబ్బరికాయలు కొట్టాం. రెండు పక్కలా ఉన్న నిద్రగన్నేరు చెట్లు కొట్టేశారు, తారు అంచు దాకా వచ్చింది. నడిచేవాడికి కాస్త జాగా వదలండి అని ఆ అర్జీలో ఒక్క ముక్క కూడా రాయలేదు. మాకు తట్టలేదు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు వరసల తారు వెడల్పు ఏడు మీటర్లు. మా అత్త వయసు మనిషి దాటడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. గంటకి అరవై కిలోమీటర్ల మీద వచ్చే బండి ఆ తొమ్మిది సెకన్లలో నూట యాభై మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆవిడ కాలు తారు మీద పెట్టేటప్పటికి బండి మా గుడి మలుపుకి అవతల ఉంటుంది, కనపడదు. అదే ముప్పై మీద వస్తే డెబ్బై అయిదు మీటర్లే. మలుపు తిరిగాక ఇద్దరికీ ఒకరికొకరు కనపడే టైముంటుంది. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీదకి తెచ్చేలోపు గడిచే ఒక్క సెకనులోనే అరవై మీద బండి పదిహేడు మీటర్లు దొర్లుతుంది, ముప్పై మీద ఎనిమిది. "జాగ్రత్తగా దాటాల్సింది" అని ఆ రోజు పెద్దలు అన్నారు. ఆవిడ జాగ్రత్తగానే దాటింది. తొమ్మిది సెకన్లు ఆవిడకి ఎవరూ మిగల్చలేదు.

ఇదేదో మన దేశానికే వచ్చిన కష్టం అనుకునేవాణ్ణి. చదివితే తెలిసింది, మోటారుని కనిపెట్టినవాళ్లూ దీన్ని దాటే వచ్చారని.

బ్రిటన్‌లో 1865లో ఒక చట్టం చేశారు. రోడ్డు మీద ఆవిరి బండి పోతుంటే అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్ర జెండా పట్టుకుని నడవాలి. ఊళ్లో గంటకి రెండు మైళ్లు, బయట నాలుగు మైళ్లు మించకూడదు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ అందులో ఉన్న న్యాయం చూడండి: దారి నడిచేవాడిది, బండే ఒదిగి పోవాలి. తర్వాత కొన్నాళ్లకి జెండా పోయింది. 1896లో వేగం పద్నాలుగు మైళ్లకి పెంచారు. అదే ఏడాది ఆగస్టు 17న లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే నలభై నాలుగేళ్ల ఆవిడ మోటారు కారు తగిలి చనిపోయింది. ఆ దేశంలో కారు తగిలి పోయిన మొదటి పాదచారి ఆవిడే అంటారు. విచారణ జరిగింది, ప్రమాదవశాత్తు మరణం అని తేల్చారు, ఎవరికీ శిక్ష పడలేదు. కానీ రాశారు. పేరు, తేదీ, చోటు, సాక్షులు చెప్పింది. నూట ముప్పై ఏళ్ల తర్వాత గోదావరి జిల్లాలో ఒక రైతుకి ఆవిడ పేరు తెలుస్తోంది. మా అత్త పేరు ఏ కాగితం మీదా లేదు.

అక్కడి కథ ఇంకా ఉంది. 1930లో కార్లకి వేగ పరిమితి మొత్తం ఎత్తేశారు. 1934కి ఏడాదికి చచ్చిపోయేవాళ్లు 7,343 మంది అయ్యారు. అప్పటికి ఆ దేశంలో బండ్లు ఇప్పటితో పోలిస్తే ఏ మూలకీ రావు. అప్పుడు రవాణా మంత్రిగా వచ్చిన హోర్ బెలీషా రెండు పనులు చేశాడు. మనుషులు దాటే చోట్ల నారింజ రంగు గోళం ఉన్న స్తంభాలు పాతించాడు. 1935 మార్చి నుంచి ఇళ్లున్న చోట గంటకి ముప్పై మైళ్లు, అంటే మన లెక్కలో నలభై ఎనిమిది కిలోమీటర్లు, మించకూడదన్నారు. ఇళ్లున్న చోటని డ్రైవరుకి తెలిసేదెలా? దానికి గుర్తు వీధి దీపాలు. రెండు వందల గజాలకి మించని ఎడంతో వరసగా దీపాలుంటే అక్కడ మనుషులుంటారని లెక్క. తెలుపు నలుపు చారల జీబ్రా గీతలు 1951లో వచ్చాయి.

నాకు ఆ దీపాల నియమం బాగా నచ్చింది. దీపం ఉంటే నెమ్మదించాలి. మా ఊళ్లోనూ పంచాయతీ దీపాలున్నాయి. కాకపోతే మా దగ్గర దీపం చూసి లారీ ఇంకా తొక్కుతుంది, రోడ్డు బాగా కనపడుతోంది కదాని.

ఇంకొక దేశం హాలండ్. మన తీరానికి కొత్తవాళ్లేం కాదు. మచిలీపట్నం, పాలకొల్లు, నరసాపురాల్లో వర్తకం చేసి వెళ్లిన ఒలందా వాళ్లే. వాళ్లదీ మన డెల్టా లాంటి దేశమే, కాలవలూ గట్లూను. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేల పైన మనుషులు పోయారు, అందులో పిల్లలే నాలుగు వందల పైన. విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికాయన కూతురు సైకిలు మీద పోతూ చనిపోయింది. ఆయన 1972లో పేపర్లో రాశాడు, పిల్లల హత్యలు ఆపండి అని. అదే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని రోడ్ల మీద కూర్చున్నారు, వీధులు మూసేసి బల్లలేసి భోజనాలు చేశారు. అది మనకీ తెలుసు, దాన్నే రాస్తారోకో అంటాం. తేడా ఎక్కడంటే, మనం గంట కూర్చుని, సీఐ గారొచ్చి చూద్దాంలే అనగానే లేచిపోతాం. వాళ్లు లేచాక కూడా వదల్లేదు. ఏ వీధిలో ఎక్కడ ఎంతమంది పోయారో మ్యాపులు పట్టుకుని ఆఫీసులకి తిరిగారు. 1976కి ఇళ్ల మధ్య వీధుల్లో నడిచేవాడికే ముందు హక్కు అని నియమం తెచ్చుకున్నారు. ఇప్పుడు అక్కడ బండ్లు ఎన్నో రెట్లు పెరిగినా ఏడాదికి పోయేది ఏడు వందల మంది దరిదాపుల్లో.

మన లెక్క చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో నడిచి వెళ్తున్నవాళ్లు 32,825 మంది. అంటే రోజుకి తొంభై మంది. మొత్తం మరణాల్లో మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాల్లోనే. పట్నం ట్రాఫిక్ గురించి పేపర్లు రాస్తాయి, చచ్చిపోయేది ఎక్కువ పల్లెల్లో.

బైపాస్ వేస్తే సరిపోతుంది అనేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. తెలంగాణలో మహబూబ్‌నగర్ వైపు 44వ నంబరు రహదారి పక్కన పెద్దకుంట అనే తండా ఉంది. అక్కడ బైపాసే ఊరికీ, ఊరి అవసరాలకీ మధ్య నుంచి పోయింది. పింఛనుకి, రేషనుకి, పనికి, దేనికి కదలాలన్నా దాటాలి. దాటబోయి మగవాళ్లు ఒకరి వెనక ఒకరు పోయారు. చివరికి పత్రికలవాళ్లు దాన్ని వితంతువుల ఊరని రాశారు. రోడ్డు కొత్తదా పాతదా అని కాదు, మనిషి దాటే చోటు ఆలోచించి వేశారా లేదా అన్నదే సంగతి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టం. బండి గుద్దేసి ఆగకుండా పోతే చనిపోయినవాళ్ల ఇంటికి మొదట్లో 8,500 ఇచ్చేవాళ్లు. 1994లో 25,000 చేశారు. ఆ పాతిక వేలు 2022 దాకా అలాగే ఉంది, ఏప్రిల్ నుంచి రెండు లక్షలు చేశారు. కోయంబత్తూరు ఎముకల డాక్టరు రాజశేఖరన్ గారు 2012లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ కేసులోనే 2017లో ప్రతి జిల్లాకీ కలెక్టరు గారి అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉండాలని కోర్టు చెప్పింది. దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లినవాడిని కేసుల్లో ఇరికించకూడదని 2015లో మార్గదర్శకాలొచ్చాయి, 2019లో చట్టంలోకి ఎక్కాయి. ఆ 2019 సవరణలోనే ఇంకొకటి వచ్చింది: రోడ్డుని ప్రమాణాల ప్రకారం వేయకపోవడం వల్ల మనిషి పోతే, రోడ్డు వేసినవాళ్లకి, దాన్ని చూసుకోవాల్సినవాళ్లకి లక్ష దాకా జరిమానా. లక్ష పెద్ద మొత్తం కాదు. కానీ 1914 నుంచి లెక్కేస్తే తప్పు డ్రైవరుదీ నడిచేవాడిదే కాదు, రోడ్డుది కూడా కావొచ్చని చట్టం ఒప్పుకోవడానికి నూరేళ్లు దాటింది.

మరి మా సెంటరుకి ఏమీ ఎందుకు రాలేదు? అడగడానికి పోతే తెలిసింది. బ్లాక్ స్పాట్ అని ఒక మాట ఉంది. జాతీయ రహదారుల మీద దానికో కొలత పెట్టారు. అయిదు వందల మీటర్ల ముక్కలో, మూడేళ్లలో, మనుషులు పోయినవో తీవ్రంగా దెబ్బలు తగిలినవో అయిదు ప్రమాదాలు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. మా రోడ్డు జాతీయ రహదారి కాకపోయినా ఆఫీసులో మాకు చెప్పిందీ ఆ కొలతే. "మీ ఊరి దగ్గర రికార్డులో అంత లేదండీ" అన్నారు. ఆ ఆఫీసరు అబద్ధం చెప్పలేదు. నిజంగానే లేదు. రికార్డు అంటే ఎఫ్ఐఆర్. మేమేమో ప్రతిసారీ రాజీ చేసేశాం. స్టేషనుకి వెళ్లకుండా ఇంటి పరువు కాపాడాం అనుకున్నాం, డ్రైవరు పేదవాడు పాపం అనుకున్నాం. మనిషిని పోగొట్టుకుని, పోయిన సాక్ష్యం కూడా మేమే తుడిచేశాం. ఇప్పుడు పోలీసులు ప్రమాదం వివరాలు ఫోన్లోనే ఐరాడ్ అనే దాంట్లో ఎక్కిస్తారు, చోటుతో సహా. ఎక్కిస్తేనే అది రోడ్ల శాఖకి కనపడుతుంది. ఎక్కకపోతే అక్కడేం జరగనట్టే. బీమా నుంచి రావాల్సిన పరిహారానికీ ఆ కాగితమే ఆధారం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా ఇది రాస్తే మా అత్త ఆత్మ నన్ను వదలదు. ఆవిడ పోయిన రోజు రోడ్డు మార్జిన్లో ధాన్యం ఆరబోసి ఉంది. మీద టార్పాలిను, చుట్టూ రాళ్లు. ఆవిడ రాశిని చుట్టుకుని తారు మీదకి రావాల్సి వచ్చింది. ఆ రాశి నాది కాదు. కానీ ముందు ఏడాది అదే చోట ఉన్నది నాదే. మనకి వేరే దారి లేదని మీరందరూ అంటారు, నేనూ అన్నాను. కోతమిషను ఒక్క పూటలో పదెకరాలు కోసి పచ్చి ధాన్యం ముందు పోస్తుంది. కొనే దగ్గర తేమ పదిహేడు శాతం లోపుండాలి. పాత కళ్లాలు చెరువులయ్యాయి, ఇళ్ల స్థలాలయ్యాయి. మిగిలింది తారు రోడ్డు. నిజమే. కానీ ఆ మార్జిను నడిచేవాడి చివరి జాగా. దాన్ని లారీవాడు తీసుకోలేదు, మనం తీసుకున్నాం.

స్పీడ్ బ్రేకర్ సంగతీ అంతే. ప్రమాదం జరిగిన ప్రతిసారీ మా కుర్రాళ్లు రాత్రికి రాత్రి కాంక్రీటు దిమ్మ పోస్తారు. మూర వెడల్పు, జానెడు ఎత్తు, సున్నం కూడా వేయరు. లారీ ఎక్కి దిగిపోతుంది, చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవాడు ఎగిరిపడతాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకి పాతిక కిలోమీటర్ల మీద దాటేలా గుండ్రంగా ఉండాలి, ముందే హెచ్చరిక బోర్డుండాలి. మన దిమ్మ రోడ్డుకి మందు కాదు, మన కోపానికి మందు.

నోటు పుస్తకం సంగతికి వస్తాను. సంక్రాంతి దాకా ఇల్లిల్లూ తిరిగాను. ముప్పై ఏళ్లలో ఈ కిలోమీటరున్నరలో పోయినవాళ్లు, కాళ్లు చేతులు పోగొట్టుకున్నవాళ్లు. పేరు, వయసు, ఏ నెల, ఏ పూట, ఏ చోట, ఎటు నుంచి ఎటు దాటుతున్నారు, ఏ బండి, కేసు ఉందా. కొన్ని ఇళ్లలో తలుపేశారు. ఒకామె మాత్రం కొడుకు పోయిన తేదీ చెప్పి, "ఇన్నాళ్లకి ఒకళ్లు అడిగారు బాబూ" అంది. రెండు పేజీలు నిండాయి. కేసు అయినవి అందులో సగం కూడా లేవు. చోట్లు చూస్తే అర్థమైంది, ఊరంతా ఎక్కడపడితే అక్కడ పోలేదు. మూడే చోట్లు. గుడి మలుపు, స్కూలు ముందు, ఆటోలాగే కల్వర్టు. ముప్పై ఏళ్లుగా అవే మూడు. ముందే రాసి ఉంటే ముందే తెలిసేది.

ఈ పుస్తకం కాపీతో గ్రామసభకి వెళ్తున్నాం. ఈసారి అర్జీలో ఏం రాస్తున్నామో మీకూ పనికొస్తుందని చెప్తున్నాను.

ఒకటి, ఊరి రెండు మొదళ్లలో ముప్పై కిలోమీటర్ల బోర్డు. ఒక రోడ్డు ముక్కకి తక్కువ వేగం పెట్టే అధికారం చట్టం 112వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. బోర్డు చూసి ఎవడూ ఆగడు కాబట్టి, ఆ మూడు చోట్లా కొలత ప్రకారం వెడల్పుగా ఎత్తు చేసిన దాటే బాట, దాని మీద గీతలు, దీపం.

రెండు, స్కూలు మొదలయ్యే వేళ, వదిలే వేళ టిప్పర్లు ఆపడం. దీనికి 115వ సెక్షనుంది. టిప్పర్లకి అరవై దాటకుండా స్పీడ్ గవర్నరు ఉండాలని నిబంధన ఎలాగూ ఉంది, దాన్ని తనిఖీ చేయాలి.

మూడు, కాలవ వైపు మార్జిను ఒక గజం వెడల్పున నడిచేవాళ్లకే. రోడ్డుకీ దానికీ మధ్య అంచు రాళ్లు. కార్తీకంలో రేవు దగ్గర నెల్లాళ్లు దీపాలు.

నాలుగోది మనది, ప్రభుత్వానిది కాదు. మార్జిన్లో ధాన్యం పోయం. పంచాయతీ చెరువు పక్క జాగాలో సిమెంటు కళ్లం కోసం వేరే అర్జీ పెడుతున్నాం. అది వచ్చేదాకా టార్పాలిన్లు స్కూలు ఆటస్థలంలో సెలవు రోజుల్లో వేసుకోవడానికి మాట్లాడాం. నా మీద కోపమొచ్చినవాళ్లున్నారు. రానీయండి.

అయిదోది, ఇక మీదట రాజీ లేదు. డ్రైవరు మీద పగతో కాదు. ఆ నిద్ర లేని కుర్రాడు కూడా ఇందులో చితికిపోయినవాడే. కాగితం మీదకి ఎక్కడం కోసం.

ఇంకొక చిన్న మాట. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన నడవండి, ఎదురొచ్చే బండి కళ్లకి కనపడుతుంది. బ్రిటన్ వాళ్ల రోడ్డు నియమాల పుస్తకంలో నడిచేవాడికి చెప్పేది ఇదే. చిన్నప్పుడు బళ్లో ఎడమ పక్క నడవమని చెప్పింది బండ్లకి. మనం మనుషులకి అన్వయించుకున్నాం.

కాటన్ దొర కాలంలో సరుకుకి ఒక దారి, మనిషికి ఒక దారి ఉండేవి. ఆ రెండూ కలిసిపోయింది ఒక్క రోజులో కాదు, మా సంతకాలతో సహా మెల్లగా కలిసిపోయాయి. విడదీయడమూ ఒక్క అర్జీతో అవ్వదని తెలుసు. ఇచ్చేదాకా తిరుగుతాం.

పుస్తకంలో మొదటి పేజీ మా అత్తది. చివర చాలా తెల్ల కాగితాలు మిగిలాయి. అవి అలాగే ఉండిపోవాలని నా కోరిక. మీ ఊళ్లోనూ ఒక పుస్తకం మొదలెట్టండి. ఈ ఆదివారమే, పెద్దవాళ్లకి ఇంకా గుర్తున్నప్పుడే.